గుండెలోని సున్నము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



సున్నము అనగానే నెల్లూరు తీరవాసులకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది గుల్లసున్నము. పులికాట్ సరస్సు అడుగున తరతరములుగ పేరుకొనిన గుల్లలను త్రవ్వి తీసి, బట్టీలలో కాల్చి సున్నము చేయుట ఈ తీరమున పాత వృత్తి. ఆ సరస్సులోని ఆంధ్రభాగము పూర్వము నెల్లూరు జిల్లాలోనిదే. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు తిరుపతి జిల్లాలో చేరినది. గ్రంథాలయములోని పాత పటములను చూచి పాఠము వ్రాసికొను బాలురు ఈ మార్పును గమనింపవలెను.

గోడకు వెల్లయై, తమలపాకునకు రుచియై మనకు పరిచితమైన ఆ సున్నమునకు మూలమగు లోహమును కాల్షియము అందురు. మనుష్యుని దేహములోని కాల్షియములో నూటికి 99 పాళ్లు ఎముకలయందును, దంతములయందును ఉన్నది. దానిని గూర్చి పాఠశాలలలోనే చెప్పుదురు. నేటి ప్రసంగము మిగిలిన ఆ ఒక్క పాలును గూర్చినది. గుండె కొట్టుకొనుటకు అదియే కారణము. హద్దు మీరినచో గుండె కణమును చంపునదియు అదియే. ఈ రెండు పనులకు నడుమ నుండునది రక్తములో తిరుగు ఒక రసాయనిక సంకేతము. ఇది డాక్టర్లకు మాత్రమే పట్టిన శాస్త్రము కాదు. తాటాకు కప్పులోనుండి రాత్రివేళ జారిపడు ఎఱ్ఱతేలు ఈ శాస్త్రమును మన పల్లెల ఇండ్లలోనికి తెచ్చుచున్నది.

గుండెకు సున్నము కావలెనని కనుగొనినది ఇంగ్లండు దేశపు వైద్యుడు సిడ్నీ రింగర్. 1882 ప్రాంతమున ఆయన కప్పగుండెను దేహమునుండి వేరుచేసి, ఉప్పు నీటిలో నుంచి, అది ఎంతసేపు కొట్టుకొనునో పరీక్షించుచుండెను. గుండె చాలసేపు చక్కగ కొట్టుకొన్నది. పిదప విచారింపగా ఆ ద్రవము కలుపుటకు బట్టిపట్టిన శుద్ధజలము వాడలేదనియు, లండను నగరపు కొళాయి నీరు వాడబడినదనియు తేలెను. శుద్ధజలముతో మరల కలిపి చూచినపుడు గుండె త్వరలోనే నీరసించి ఆగిపోయెను. నగరపు నీటిలోనున్న కొద్దిపాటి సున్నమే గుండెను నడిపించినదని 1883లో ఆయన ప్రకటించెను. పని పాడైనదని ఆ ద్రవమును పారబోసియుండిన యెడల ఈ సంగతి తెలియుటకు మరి ఎంతకాలము పట్టెడిదో.

కాల్షియము గుండెను నడిపించు విధమును తెలిసికొనుటకు సముద్రతీరపు ఉప్పు మడులను తలచుకొనిన చాలును. పోటు సమయమున నీరు కాలువలో ఎత్తుగ నిలుచును. మడిలో నీరు తక్కువ. నడుమ తూము ఉండును. తూము కొంచెమెత్తగానే నీరు తానై లోనికి వచ్చును. గుండె కణము వెలుపలనున్న కాల్షియము, విశ్రాంతిగానున్న కణము లోపలి కాల్షియముకంటె సుమారు 10,000 రెట్లు ఎక్కువ. విద్యుత్తరంగము వచ్చినపుడు కణము పొరలోని సన్నని తూములు తెరచుకొని కొద్ది కాల్షియము లోనికి ప్రవేశించును. అది కణములోపలనే ఉన్న వేరొక నిల్వగదిని తెరపించును. అక్కడినుండి మరింత కాల్షియము వెలువడి కండర తంతువులను ముడిచివేయును. అదియే గుండె చప్పుడునకు మూలము. తరువాత ఆ కాల్షియమునంతటిని తోడి, కొంత వెలుపలికి, కొంత నిల్వగదికి పంపివేయవలెను. అప్పుడే కండరము సడలి, గుండె మరల రక్తముతో నిండును. ఈ తంతు అంతయు ఒక సెకనులోపల ముగియును. రోజునకు ఇట్లు సుమారు లక్షమారులు జరుగుచుండును.

ఇందులో ఒక కిటుకు ఉన్నది. తూము తెరచుటకు కష్టము లేదు. ఏతము వేసి నీరు తోడి పోయుటకే ఒళ్లువంగవలెను. గుండె కణమునకును అంతే. కాల్షియము లోనికి వచ్చుటకు ఖర్చు లేదు. దానిని బయటికి పంపుటకే శక్తి కావలయును. ఆ శక్తి ఏ రూపమున నుండును?

ఈ ప్రశ్నకు సమాధానములో తెలుగువాని పేరు ఉన్నది. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, పిదప అమెరికా దేశమునకు వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టను నగరమునందలి హార్వర్డు వైద్య విద్యాలయములో సైరస్ ఫిస్కెతో కలిసి పనిచేసెను. కండరములో ఫాస్ఫోక్రియాటిన్ అను ద్రవ్యమున్నదని వారు 1927లో ప్రకటించిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏ.టి.పి.ని కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగ అదే ద్రవ్యమును కనుగొనెను. కండరములు నడచుటకు కావలసిన శక్తి ఏ.టి.పి. రూపమున చెల్లింపబడును. ఫాస్ఫోక్రియాటిన్ అత్యవసరమునకు దాచిన నిల్వ వంటిది. అట్టి పని చేసిన సుబ్బారావునకు హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. ఆయన 1940లో లెడర్లే ఔషధ సంస్థకు వెళ్లి, 1948లో మరణించెను. మనదేశములో ఆయన పేరు ఎరిగినవారికంటె ఆయన పనివలన వచ్చిన మందులను వాడినవారు ఎక్కువ.

మూడువందల గ్రాముల బరువుగల గుండె రోజునకు సుమారు ఆరు కిలోల ఏ.టి.పి.ని తయారుచేసి ఖర్చు చేయునని లెక్క. ఒకసారి నిల్వయున్నది కొద్ది సెకనులకు మాత్రమే చాలును. అందుచేత తయారీ ఎడతెగక జరుగుచుండవలెను. ఆ తయారీ జరుగు చోట్లు మైటోకాండ్రియా అను అతిసూక్ష్మమైన సంచులు. గుండె కణపు పరిమాణములో మూడవవంతు స్థలమును అవియే ఆక్రమించుకొని యుండును. అవి మనము పీల్చు ప్రాణవాయువుతో ఆహారమును మండించి, ఆ బలముతో తమ లోపలి పొరకు ఇరువైపుల విద్యుద్భేదమును నిలుపుకొనును. ఆ భేదమే ఏ.టి.పి. యంత్రమును త్రిప్పును. ఈ సంగతిని 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించినపుడు నమ్మినవారు కొద్దిమంది. 1978లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను.

ఇక సంకేతముల మాట. 1921లో ఆస్ట్రియా దేశపు గ్రాజ్ నగరమున ఆటో లోవి రెండు కప్పగుండెలతో ఒక పరీక్ష చేసెను. మొదటి గుండెకు వచ్చు నరమును ప్రేరేపించి దానిని నెమ్మదింపజేసెను. ఆ గుండెను తడిపిన ద్రవమును తీసి, ఏ నరమును తాకని రెండవ గుండెపై పోసెను. అదియు నెమ్మదించెను. నరము గుండెతో మాటలాడునది రసాయన భాషలోనని దీనివలన ఋజువైనది. గుండెను నెమ్మదింపజేయు సంకేతము ఒకటి. దానిని పరుగెత్తించు సంకేతములు ఎడ్రినలిన్, నార్‌ఎడ్రినలిన్ అనునవి. పాము కనబడినను, పడవ తిరగబడినను, పరీక్షా ఫలితము వచ్చినను ఇవి రక్తములోనికి దూకును. గుండె కణముపై వీటిని గుర్తించు ప్రత్యేక స్థానములున్నవి. సంకేతము అక్కడ తాకగానే కణములోపల వేరొక దూత పుట్టి, కాల్షియపు తూములను మరింతగ తెరపించును. ప్రతి చప్పుడునకు కాల్షియము ఎక్కువ వచ్చును; గుండె గట్టిగ, త్వరగ కొట్టుకొనును.

పని పెరిగినపుడు ఏ.టి.పి. తయారీయు పెరుగవలెను గదా. ఆ వార్త మైటోకాండ్రియాకు ఎవరు చెప్పుదురు? కాల్షియమే చెప్పును. కణములో పెరిగిన కాల్షియములో కొంత మైటోకాండ్రియాలోనికి పోయి, అక్కడి మంటను ఎగదోయును. మైటోకాండ్రియా కాల్షియమును పీల్చుకొనునని 1960ల ఆరంభముననే తెలిసినను, ఏ ద్వారముగుండ పీల్చునో అర్ధశతాబ్దము వరకు తెలియలేదు. తెలుగు కుటుంబమునకు చెందిన వంశీ మూతా తన సహచరులతో ఆ ద్వారమునకు కాపలాగనున్న ఒక ప్రోటీనును 2010లో, ద్వారమునే 2011లో గుర్తించెను. అదే 2011లో ఇటలీ దేశపు పాదువా నగరమున రిజ్జుటో బృందము వేరుగ దానినే గుర్తించెను. మూతా బృందము వెదకిన తీరు ముచ్చటైనది. మనుష్యుని కణములో ఈ ద్వారమున్నది. రొట్టెలను పొంగించు ఈస్టులో లేదు. కొన్ని పరాన్నజీవులలో ఉన్నది. ద్వారమున్న ప్రాణులన్నిటిలో ఉండి, లేని ప్రాణిలో లేని ప్రోటీను ఏదియని జాబితాలు సరిచూచిరి. తప్పిపోయిన ఆబోతును దాని కాలిగుర్తులబట్టి వెదకినట్లున్నది. ఈయన పనిచేయుచున్నదియు బోస్టనులోనే, సుబ్బారావు పనిచేసిన హార్వర్డు వైద్య విద్యాలయముననే. 2014లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది.

ఇంతవరకు అంతయు క్షేమమే. సంకేతము మితముగ వచ్చి, కొద్దిసేపు ఉండి, తగ్గిపోయిన యెడల గుండెకు చెరుపు లేదు. అది తుఫానై వచ్చి తగ్గకున్నచో నేమగును?

అప్పుడు కణములోనికి కాల్షియము వరదగా వచ్చును. తోడి పోయు యంత్రములకు శక్తి చాలదు. కణమును కాపాడుటకు మైటోకాండ్రియా ఆ మిగులును తమలోనికి పీల్చుకొనును. కాని వాటి పొట్టకును హద్దున్నది. ఆ హద్దు దాటినపుడు లోపలి పొరలో పెద్ద రంధ్రము తెరచుకొనును, విద్యుద్భేదము కూలిపోవును, నీరు చొచ్చి సంచి ఉబ్బును. అంతటితో ఏ.టి.పి. తయారీ నిలిచిపోవును. నిలిచిపోవుటయే కాదు, ఏ.టి.పి.ని చేయవలసిన యంత్రము వెనుకకు తిరిగి, ఉన్న ఏ.టి.పి.ని విరుగగొట్టసాగును. కంచే చేను మేసినట్లు. శక్తి లేక కాల్షియము మరింత నిలుచును. కాల్షియము నిలిచి శక్తి మరింత క్షీణించును. కండరము సడలుట మరచి బిగుసుకొనిపోయి, కణము చచ్చును.

జర్మనీలో ఫ్రైబర్గు నగరపు ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ 1960లలో దీనిని ఎలుకలలో చూపెను. ఎడ్రినలిన్ జాతికి చెందిన ఐసోప్రెనలిన్ మందును మోతాదు మించి ఇచ్చినపుడు ఎలుక గుండెలో కాల్షియము అనేక రెట్లు పెరిగెను. ఏ.టి.పి., ఫాస్ఫోక్రియాటిన్ పడిపోయెను. కణములు చచ్చెను. తూములను కొంత మూయు వెరాపమిల్ మందును ముందుగ ఇచ్చినచో ఆ నష్టము చాలవరకు తగ్గెను. నేడు రక్తపు పోటునకు ఊరూర వాడు కొన్ని మాత్రలు ఈ జాతివే.

గుండెపోటులోను కథ ఇట్టిదే, దారి మాత్రము వేరు. రక్తనాళము మూసికొని ప్రాణవాయువు అందకపోవుటచే ఏ.టి.పి. ముందు పోవును, కాల్షియము తరువాత నిండును. ఆ స్థితిలో రక్తము మరల పారించిన క్షణముననే రంధ్రములు తెరచుకొని కొంత నష్టము కలుగును. అట్లని రక్తమును పారింపకుండుట తగదు. అది ఆలస్యమైనకొలది నష్టము అధికమగును. ఆ రంధ్రమును మూయగల సైక్లోస్పోరిన్ మందు జంతువులలో బాగుగ పనిచేసినది. 2015లో ప్రకటించిన పరీక్షలో తొమ్మిదివందలకు పైగా రోగులకు దానిని పరీక్షింపగా లాభము కానరాలేదు. ఆ రంధ్రము ఏ ప్రోటీనులతో ఏర్పడునో శాస్త్రజ్ఞులలో వాదము నేటికిని తీరలేదు.

గుండె కణమునకు ఇట్టి తుఫాను ప్రయోగశాలలో తెచ్చినవాడు ఫ్లెకెన్‌స్టైన్. ఇంటిలో తెచ్చునది ఎఱ్ఱతేలు.

తేళ్లలో నల్లని మండ్రగబ్బను చూచి జనులు ఎక్కువగ జడియుదురు. అది పెద్దది, కొండి లావు. ప్రాణమునకు తెచ్చునది మాత్రము దానిలో సగమైనను లేని ఎఱ్ఱతేలు. పిడకల గూడు, కట్టెల మోపు, ఇటుకల దొంతి, మూల విడిచిన చెప్పు దాని నివాసములు. దాని విషము నరముల పొరలలోని సోడియము ద్వారములను మూయనీయదు. తెరచిన ద్వారము తెరచినట్లే యుండుటచే నరములు ఆగక మ్రోగుచుండును. నరముల కొసలనుండియు, మూత్రపిండములపైనున్న గ్రంథులనుండియు ఎడ్రినలిన్, నార్‌ఎడ్రినలిన్ ఒక్కుమ్మడిగ రక్తములో పడును. దేహమంతట రక్తనాళములు బిగుసుకొనును. ఆ బిగువునకు ఎదురుగ గుండె రక్తమును నెట్టవలెను. అదే సమయమున దాని కణములలో కాల్షియము నిండుచుండును. బరువు పెరిగినది, బలము తరిగినది. కొన్ని గంటలలో గుండె అలసి, రక్తము ఊపిరితిత్తులలో వెనుకకు నిలిచి, నీరు ఊరును. పిల్లవాడు ఆయాసపడుచు నురుగు కక్కును. విషము నేరుగ గుండెను కొరికివేయలేదు. దేహము తన సంకేతముతోనే తన గుండెను కొట్టినది.

ఈ ఎఱ్ఱతేలు విషమునుండియే 1990లో ఐబీరియోటాక్సిన్ అను ప్రోటీనును వేరుచేసిరి. కాల్షియము పెరిగినపుడు తెరచుకొను ఒక జాతి పొటాషియము ద్వారమును అది మూయును. ఆ ద్వారములను పరిశోధించుటకు ప్రపంచమందలి ప్రయోగశాలలు దానిని వాడుచున్నవి. మన పిడకల గూటిలోని పురుగు అంతదూరము ప్రయాణము చేసినది.

దీనికి చికిత్స చూపినవాడు మన వంటి తీరప్రాంతపు పల్లె వైద్యుడే. మహారాష్ట్రలో కొంకణ ప్రాంతమునందలి మహాడ్ అను ఊర డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ తేలు కుట్టినవారి ప్రక్కన రాత్రులు కూర్చుండి, లక్షణములను వ్రాసికొనెను. వాంతులు, ఒళ్లంతయు చెమటలు, చల్లబడిన చేతులు కాళ్లు గుండెకు రాబోవు అపాయమును ముందుగ చెప్పునని ఆయన 1982లో లండను నుండి వెలువడు లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. పిదప ప్రాజోసిన్ అను మాత్రను వాడెను. అది రక్తపు పోటునకు అప్పటికే వాడుకలోనున్న మందు. నార్‌ఎడ్రినలిన్ తాకు స్థానములలో ఒక జాతిని అది కప్పివేసి, రక్తనాళముల బిగువును సడలించును; గుండెపై బరువు దిగును. నూటికి ముప్పదివరకు ఉండిన మరణములు దానివలన నూటికి ఐదింటికి లోపునకు దిగినవి. ఖరీదైన యంత్రము కాదు, కొద్ది పైసల మాత్ర. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చెను. ముందే రావలసినది.

గుఱ్ఱముల రక్తమునుండి చేసిన తేలు ప్రతివిషమును ప్రాజోసిన్‌తో కలిపి ఇచ్చిన ఫలము మరింత మేలని ఆయన తన భార్యతో కలిసి చేసిన పరీక్ష 2011లో వెలువడినది. 70 మంది రోగులలో 35 మందికి రెండును, 35 మందికి ప్రాజోసిన్ మాత్రమే ఇచ్చిరి. పది గంటలలో పూర్తిగ కోలుకొనినవారు మొదటి వరుసలో 32 మంది, రెండవ వరుసలో 8 మంది. మాత్ర నరములనుండి వెలువడిన సంకేతమును అడ్డగించును; ప్రతివిషము ఆ సంకేతమును పుట్టించు విషమునే పట్టుకొనును. విషము నరములకు అంటుకొని చాలసేపు గడచిన తరువాత ప్రతివిషమునకు పట్టుటకు మిగులునది తక్కువ.

ఇచట మంత్రగాండ్రను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. మంత్రము వేసినంతనే తగ్గినదని చెప్పువారు అబద్ధమాడుటలేదు. తేలు కుట్టినవారిలో ఎక్కువమందికి నొప్పి మాత్రమే ఉండి, అది కొన్ని గంటలకు దానియంతట తగ్గును. ఆ కీర్తి మంత్రమునకు పోవును. తగ్గని కొద్దిమందిలో పిల్లలు ఎక్కువ, ఏలయన విషము మోతాదు ఒకటే, దేహము చిన్నది. మరియొక విపరీతము ఉన్నది. కుట్టినచోట విపరీతమైన నొప్పి ఉండి, చెమటలు గాని వాంతులు గాని లేనివారు చాలవరకు క్షేమముగ బయటపడుదురు. నొప్పి తక్కువై, చెమటలు పట్టి, చేతులు చల్లబడినవారినే అనుమానింపవలెను. నొప్పి లేదుకదా యని తల్లులు ఊరడిల్లునది సరిగా అప్పుడే.

కనుక అర్ధరాత్రి పిల్లవాడు కెవ్వున అరచినపుడు, లేదా చేయరాని పని చేయుచు కుట్టించుకొని సామెతలోని దొంగవలె నోరు మెదపక మూల కూర్చున్నపుడు, దీపము పట్టి చూడవలసినవి నుదుటి చెమట, అరచేతుల చల్లదనము, వాంతి. వీటిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కుట్టినచోట కోయరాదు, గట్టిగ కట్టు కట్టరాదు. ప్రాజోసిన్ పేరు విని ఇంటిలో తామే మ్రింగింపరాదు. మోతాదు పిల్లవాని బరువునుబట్టి డాక్టరు నిర్ణయించును. ఆ మందు పడిన పిదప ఒక్కసారిగ లేచి నిలిచిన రక్తపు పోటు పడిపోయి కండ్లు తిరుగును గనుక పండుకొనబెట్టియే యుంచవలెను. డాక్టరు మొట్టమొదట అడుగునవి ఇవి: ఏ గంటకు కుట్టినది, ఎన్నిమారులు వాంతి అయినది, చెమట ఎప్పుడు మొదలైనది. గడియారము చూచి, ఆ వేళలను చీటీపై వ్రాసి తీసికొనిపోవలెను.